మార్కెన్‌లో ఎండ

ఫిబ్రవరి 24, సోమవారం

హరిదాస్ గారు నిన్న వెళ్లిపోయారు.

శుక్రవారం సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, "చలి అంటే నీకేం తెలుసులే, కాకినాడ పిల్లవి. నా బదులు నువ్వు వెళ్తే రెండో రోజే ఏడుస్తావు" అన్నారు. బుధవారం నుంచి నేను నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకుని ఉన్నాను. ట్రైన్‌లో పెదవులు కదపకుండా చెప్పి చూసుకున్నాను కూడా. చివరికి "జాగ్రత్తండి" అన్నాను. ఆయన బొటనవేలు ఎత్తి చూపించి మెట్లు దిగిపోయారు.

తిరిగి వచ్చేది ఏప్రిల్ పది. నలభై ఆరు రోజులు. వచ్చిన రోజే చెప్పేస్తాను. నాలుగు వాక్యాలు అక్కర్లేదు, ఒకటి చాలు. ఆ వాక్యం ఇక్కడ రాయను. గదిలో నాతో ఉండే తన్మయి నా పుస్తకాలు ముట్టుకోదు. అయినా రాయను.

పని సంగతి. ఇక్కడ సింగపూర్‌లో, రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కొత్త ఆఫీసు తీసుకుంది. నడవాల గోడలకు నలభై ఫోటోలు కావాలట. నీళ్లు ఉండాలి, చూస్తే మనసు చల్లబడాలి, మనిషి కనిపించకూడదు. మా స్టూడియో నడిపే మాలిని అక్క ఒప్పుకుని, తన తమ్ముడు హరిదాస్ గారిని హాలండ్‌లో మార్కెన్ అనే పాత జాలర్ల ఊరికి పంపింది. ఆయన తీసి పంపుతారు, నేను ఇక్కడ కూర్చుని వెలుతురు సరిచేస్తాను. రెండేళ్లుగా ఇదే పద్ధతి. ఆయన ఫోటోలు కెమెరాలోంచి చప్పగా వస్తాయి. కావాలనే అలా తీస్తారు. "నేను అన్నం వండి పంపిస్తా. ఉప్పూ కారం నీ ఇష్టం" అంటారు.

ఆయన కుర్చీని ఎవరో గోడ వైపు తిప్పి పెట్టారు. మళ్లీ ఇటు తిప్పాను.

ఫిబ్రవరి 26, బుధవారం

మొదటి విడత వచ్చింది. ఎనిమిదికే తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసుకు వెళ్లాను. కింద పెళ్లిబట్టల షాపు వాళ్లు ఇంకా షట్టర్ తియ్యలేదు.

ముప్పై ఒక్క ఫోటోలు. నల్లగా కనిపించేంత ముదురాకుపచ్చ చెక్క ఇళ్లు, వాటికి తెల్లటి కిటికీ అంచులు. కొన్ని ఇళ్లు కొయ్య గుంజల మీద నిలబడి ఉన్నాయి. వరద వస్తే ఇంటి కిందనుంచి పోయేదట. ఇళ్ల వెనక గట్టు, గట్టు అవతల నీళ్లు, ఎక్కడో చివర తెల్లటి దీపస్తంభం.

ఫైళ్ల మీద టైమ్ చూస్తే రాత్రి పది, పదకొండు. రాత్రి పదికి ఇంత వెలుతురు ఎలా అనుకున్నాను. తర్వాత తట్టింది. ఆయన కెమెరాలో గడియారం మార్చుకోలేదు, సింగపూర్ టైమే నడుస్తోంది. ఏడు గంటలు తీసేస్తే మధ్యాహ్నం మూడు, నాలుగు.

మరచిపోయి ఉంటారు.

మరచిపోయే మనిషి కాదు. లెన్సు మూతకి కూడా పేరు రాసుకునే మనిషి.

ఫైళ్లతోపాటు ఒక వాయిస్ మెసేజ్. "నిఖిలా, గాలి చంపేస్తోంది. చేతులు కట్టెలైపోయాయి, బటన్ నొక్కానో లేదో కూడా తెలియట్లేదు. ఎలా ఉన్నాయో చూసి చెప్పు. వెలుతురు నీ ఇష్టం." ముప్పై ఎనిమిది సెకన్లు. అందులో పదకొండు సెకన్లు గాలి.

మార్చి 1, శనివారం

క్లెమెంటి లైబ్రరీ నుంచి నెదర్లాండ్స్ మీద రెండు పుస్తకాలు తెచ్చుకున్నాను. పని కోసం.

తన్మయి స్టవ్ దగ్గరినుంచి అడిగింది. "ఏందే, పొద్దటి సంది చెవులల్ల గవి వెట్టుకునే ఉన్నవ్?"

"ఆఫీసు మెసేజ్."

"ఆఫీసు మెసేజ్ గిన్నిసార్లు ఇంటరా?"

"ఏమైనా తప్పిపోయిందేమోనని."

"నవ్వుకుంట ఇంటున్నవ్ మల్ల."

"నవ్వలేదు."

"సరే తల్లీ, నవ్వలే. మాగీ ఉడుకుతుంది. నీకు గూడ ఎయ్యాల్నా?"

వెయ్యమన్నాను. ఆ పదకొండు సెకన్ల గాలిలో చివర ఆయన ముక్కు ఎగబీలుస్తారు. జలుబు చేసినట్టుంది.

మార్చి 5, బుధవారం

ఆయన మెసేజ్: "ఇది సముద్రం అనుకుంటున్నావా? కాదంట! నేను రుచి కూడా చూశా, ఉప్పే లేదు. తొంభై ఏళ్ల కింద పైన ఎక్కడో పెద్ద గట్టు కట్టేసి సముద్రాన్ని బయటికి తోసేశారంట. అప్పట్నుంచి ఇది చెరువే. పడవలున్నాయి, వలలున్నాయి, టోపీలు పెట్టుకున్న ముసలి జాలర్లున్నారు. సముద్రం ఒక్కటే లేదు. అక్కకి చెప్పకు, బ్యాంకువాళ్లకి సముద్రమని చెప్పింది."

మధ్యాహ్నం భోజనం మానేసి టెలోక్ అయర్ వీధి చివరిదాకా నడిచాను. అదీ ఒకప్పుడు ఒడ్డేనట. ఓడ దిగినవాళ్లు దేవుడికి దండం పెట్టుకోవడానికి కట్టుకున్న గుళ్లు ఇంకా నీళ్ల వైపే తిరిగి ఉన్నాయి. ఎదురుగా ఇప్పుడు బ్యాంకులు. చాలాసేపు నిలబడ్డాను. చెప్పులు కాలుతున్నంత ఎండ.

ఈరోజు ఫోటోల్లో కూడా ఎండ ఉంది. నీడలు నల్లగా, అంచులు పదునుగా పడ్డాయి. తగ్గించాను. మబ్బుని కొంచెం కిందికి దించాను. నీళ్ల మీది మెరుపు తుడిచేశాను. బ్యాంకు వాళ్లు చల్లగా కావాలన్నారు కదా.

బాగా వచ్చింది. చూస్తుంటే ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది.

మార్చి 7, శుక్రవారం

కాన్వెంట్‌లో శుక్రవారం చివరి పీరియడ్‌లో సిస్టర్ ఫిలోమినా తలా ఒక కాగితం ముక్క ఇచ్చేది. ఆ వారం చేసిన తప్పు ఒక్కటి రాయాలి. పేరు అక్కర్లేదు. అందరివీ పోగుచేసి, చదవకుండా, మా ముందే చింపేసేది. నేను ఎప్పుడూ పెద్ద తప్పు దాచి చిన్నది రాసేదాన్ని. చదవరని తెలిసి కూడా.

ఈ వారం: ఒక ఫోటోలో గట్టు మీది కమ్మీకి ఆనించి రెండు సైకిళ్లు ఉన్నాయి. ఒకటి తీసేశాను. ఒక్కటే ఉంటే చూపు నీళ్ల మీదికి వెళ్తుంది. ఫ్రేమ్ కోసమే.

మార్చి 12, బుధవారం

మొదటి పది ప్రింట్లు గోడకి ఆనించి పెట్టాం. మాలిని అక్క టీ గ్లాసు పట్టుకుని వచ్చి, ఒక్కొక్కటీ చూస్తూ చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"అలమాక్! ఏమిటే ఇది?"

"బాలేవా అక్కా?"

"బాగుండకపోవడమేంటి? మలేషియాలో మా అమ్మ తెలుక్ ఇంతాన్‌లో నన్ను సింగపూర్ బస్సెక్కించిన రోజు ఇలాగే ఉండింది ఆకాశం. వీడు ఎప్పుడు నేర్చుకున్నాడే ఇంత?"

"ఆయన బాగా తీస్తారు కదక్కా."

"పదేళ్లుగా చూస్తున్నా. వాడు తీస్తే పోస్టాఫీసు క్యాలెండర్ లాగ ఉంటుంది. సర్లే. మకాన్ అయిందా నీకు, తిన్నావా? ఎండిపోతున్నావు చూడు."

అయిందన్నాను. కాలేదు.

మార్చి 13, గురువారం

బ్యాంకు నుంచి మిస్ కో ఫోన్ చేసిందట. చాలా నచ్చాయట.

మార్చి 18, మంగళవారం

బెంచీ, దాని మీద రెండు కాఫీ కప్పులు. ఒకటి తీసేశాను. రెండూ తీసేస్తే బెంచీ బోసిగా ఉంది, అందుకని ఒకటి ఉంచాను.

మెసేజ్ చివర ఎవరో నవ్వినట్టు వినిపించింది. తిప్పి తిప్పి విన్నాను. గాలే. పడవ తాళ్లు స్తంభానికి కొట్టుకున్నా అలాంటి శబ్దం వస్తుందని పుస్తకంలో ఉంది.

మార్చి 21, శుక్రవారం

ఈ వారం: అక్క అడిగితే భోజనం చేశానని అబద్ధం చెప్పాను. ఇంకోసారి.

రెండో సైకిలు మళ్లీ వచ్చింది, రెండు ఫోటోల్లో. కమ్మీ మీద ఎర్ర మఫ్లర్ ఒకటి. ఎరుపు మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది, బ్యాంకుకి పనికిరాదు.

మార్చి 23, ఆదివారం

తన్మయి బలవంతం మీద వెస్ట్ కోస్ట్ పార్కుకి వెళ్లాం. నీళ్లు, ఓడలు, క్రేన్లు. తన్మయి ఐస్‌క్రీమ్ కోసం వెళ్లినప్పుడు ఆ వాక్యాన్ని ఒకసారి గొంతుతో చెప్పి చూద్దామనుకున్నాను. చెప్పాను. పక్కన గాలం వేసుకుని కూర్చున్న చైనీస్ అంకుల్ తిరిగి చూసి "వాట్?" అన్నాడు.

"నథింగ్ అంకుల్."

"నో ఫిష్ టుడే," అన్నాడు నన్ను ఓదారుస్తున్నట్టు.

ఇంకా పద్దెనిమిది రోజులు.

మార్చి 25, మంగళవారం

ఇరవై ఆరు ఫోటోలు. పని బాగా జరిగింది.

మార్చి 30, ఆదివారం

ఉగాది. తన్మయి వేపపువ్వు లేకుండానే పచ్చడి చేసింది. చేదు కోసం కాకరకాయ తురిమింది. "చేదు చేదే గదనే, యాడికెళ్లి వస్తే ఏంది?" అంది. ఇద్దరం రెండు చెంచాలు తిని గిన్నె మూసిపెట్టాం. ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ పంచాంగం విన్నదట, నాకు ఈ ఏడు స్థానచలనం ఉందట.

అక్కడ ఈ తెల్లవారుజామున గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. ఏటా వేసవికి అలా జరుపుతారట. ఇకపై మా మధ్య ఏడు గంటలు కాదు, ఆరే.

మా మధ్య అని ఎందుకు రాశాను? సింగపూర్‌కీ నెదర్లాండ్స్‌కీ మధ్య.

రోజంతా బాగుంది. ఒక గంట దగ్గరైంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఫైళ్ల మీద టైమ్ మారింది.

మొదటి ఫోటో 14:10. ఆరు గంటలు తీసేశాను, అలవాటుగా. ఉదయం ఎనిమిది వచ్చింది. నీడలు చూస్తే ఎనిమిది కాదు. అది మధ్యాహ్నం రెండే. అక్కడి రెండు.

కెమెరా గడియారం దిద్దుకున్నారు. ఐదు వారాలు సింగపూర్ టైమ్‌లో తీసి, ఇంకా వారంలో వచ్చేస్తుండగా ఇప్పుడు దిద్దుకున్నారు.

గడియారాలు మారినప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

మెసేజ్ లేదు. ఫైళ్లే.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఈ వారం: ఏమీ లేదు.

ఏప్రిల్ 10, గురువారం

పదకొండున్నరకి వచ్చారు. నీలం కుర్తా వేసుకున్నాను, ఇస్త్రీ చేసింది. ఆయన ముఖం కమిలి ఉంది. ముక్కు మీద తోలు ఊడుతోంది. చలిదేశం నుంచి ఎండదెబ్బతో వచ్చారు.

"ఏం నిఖిలా, బతికున్నావా?" అన్నారు. అందరికీ బిస్కెట్లు తెచ్చారు. నా బల్ల మీద ఒక ప్యాకెట్ పెట్టి, అక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ తలుపు ఎప్పుడూ పూర్తిగా పడదు.

"రెండు వారాలే అక్కా. ఇల్లు ఖాళీ చేసి, సామాను నీ దగ్గర పడేసి వెళ్లిపోతా."

"ఎక్కడికిరా?"

"మార్కెన్‌కే. ఆనెకె వాళ్ల నాన్నకి పడవలు బాగుచేసే షెడ్డు ఉంది. సాయంగా ఉంటా. ఫోటోలు తీసుకుంటా."

"ఆనెకె ఎవరు?"

ఆయన ఏదో మెల్లగా చెప్పారు.

"అయ్యో దేవుడా! ఫోటోలు తీసుకురారా అని పంపితే పెళ్లి తీసుకొచ్చావా? ఆ పిల్ల ఏం తింటుందిరా?"

"చేపలు అక్కా. మనకన్నా ఎక్కువే తింటుంది."

"నవ్వకు! తన్నేస్తా." తర్వాత మెత్తబడిన అక్క గొంతు: "మంచి పిల్లేనా?"

"మంచి పిల్ల అక్కా."

బిస్కెట్ ప్యాకెట్ మీద అక్షరాలు చదువుతూ కూర్చున్నాను. ఏ పదమూ అర్థం కాలేదు.

చెప్పలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

నలభై ప్రింట్లూ గోడలకి ఆనించాం. మిస్ కో వచ్చింది. హరిదాస్ గారు ఈ ఫోటోలను కాగితం మీద చూడటం ఇదే మొదలు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్కదాని ముందూ ఆగి చూశారు. నా చేతుల్లో ఏదో ఒకటి ఉండాలని కొలత టేపు పట్టుకున్నాను.

చివరిదాకా వెళ్లి, "ఇది మార్కెన్ కాదు" అన్నారు.

"నువ్వు తీసిందేరా," అంది అక్క.

"నేను తీసినప్పుడు ఎండ ఉంది అక్కా. మార్చి మొత్తం ఎండే. ఇంత ఎండ ఎప్పుడూ చూడలేదని ఆ ఊరివాళ్లే అన్నారు. ఇందులో చూడు, ఊరంతా ఎవరో చచ్చిపోయినట్టుంది."

ఒక్క సైకిలు ఉన్న ఫోటో ముందు వంగారు. కమ్మీ వైపు వేలు చూపించబోయి, ఆపేశారు. నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఏమిటో అర్థం కాని చూపు.

తర్వాత నుదురు కొట్టుకున్నారు. "అరే, కెమెరా టైమ్! మొదట్లో నేను మార్చలేదు కదా! పాపం ఈ పిల్ల రాత్రి పది అని చూసి, చీకటి పడే వేళ అనుకునుంటుంది. తప్పు నాదే అక్కా."

అందరూ నా వైపు తిరిగారు.

"అవునండి," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నలభై ఆరు రోజులు ఒక వాక్యం రాలేదు గాని.

మిస్ కో నవ్వింది. "మిస్టేక్ అయినా గుడ్ మిస్టేక్ లా. ప్లీజ్ డోంట్ చేంజ్. మా డైరెక్టర్ ఆ బెంచీ ఫోటో ముందు నిలబడి, వాళ్ల అమ్మకి ఫోన్ చేశాడు, యూ నో?" ఒక్కో ఫోటో పక్కన చిన్న లోహపు పలక ఉంటుందట. దాని మీద పేరు, ఊరు ఉంటాయి. వివరాలు పంపమంది.

ఆమె వెళ్లాక హరిదాస్ గారు, "నా పేరు వెయ్యొద్దక్కా" అన్నారు. "నేను చూడనిదాని కింద నా పేరెలా వేస్తావు?"

"మరి ఎవరి పేరు వెయ్యను? ఆ దీపస్తంభం పేరా?"

ఆయన నన్ను చూపించారు.

"వద్దండి, వద్దు," అన్నాను. టేపు చేతిలోంచి జారి, సర్రున చుట్టుకుపోయింది.

"అయితే నాకు మామూలువి కావాలి నిఖిలా. ఎండతో. ఇంటికి తీసుకెళ్తాను," అన్నారు.

ఇంటికి.

ఏప్రిల్ 12, శనివారం

ఆఫీసులో నేనొక్కదాన్నే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా.

నేను వేసినవన్నీ ఒక్కొక్కటే తీసేశాను. మబ్బులు, బూడిదరంగు. తుడిచేసిన మెరుపు మళ్లీ నీళ్ల మీదికి వచ్చింది. ఆకుపచ్చ ఇళ్లు ఆకుపచ్చగా అయ్యాయి. కిటికీల్లో పూలకుండీలు ఉన్నాయి. అవి అక్కడ ఉన్నాయని నాకు గుర్తే లేదు. బెంచీ మీద రెండో కప్పు, అందులోంచి ఆవిరి. కమ్మీ మీద ఎర్ర మఫ్లర్. రెండు సైకిళ్లు, ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని మీదికి వాలి.

మార్చి ఇరవై ఐదున వచ్చిన ఒక ఫోటోకి కింది భాగం నేను కోసేశాను. ఈరోజు తిరిగి పెట్టాను. గడ్డి మీద కెమెరా పట్టుకున్న మనిషి నీడ. దాని భుజానికి ఆనుకుని ఇంకో నీడ. నీడకి జుట్టు ఎగురుతోంది.

ఆ రోజు డైరీ తిప్పి చూశాను. పని బాగా జరిగింది అని ఉంది.

అందమైన ఊరు. సంతోషంగా ఉన్న మనిషి తీసిన ఊరు. నేను ఆరు వారాలు ప్రతిరోజూ చూసి కూడా చూడలేదు.

ఐదింటికి అన్నీ కాపీ చేసి, కంప్యూటర్ ఆపి, కాసేపు కూర్చున్నాను. ఏడవలేదు. ఏడుస్తాననుకున్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. చిన్నది రాసి పెద్దది దాచను.

మధ్యాహ్నం హరిదాస్ గారు వచ్చి, "పద, మకాన్‌కి. నువ్వు సరిగ్గా తినట్లేదని అక్క ఫిర్యాదు" అన్నారు. మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌కి వెళ్లాం. కిక్కిరిసి ఉంది. ఆయన టిష్యూ ప్యాకెట్ పడేసి ఒక టేబుల్ చోప్ చేశారు, అది మాదే అన్నట్టు. చేపల సూప్ తెచ్చుకున్నాం.

"నిన్న అన్నీ చూశా," అన్నారు. "ఇదీ మార్కెన్ అంటే! ఆనెకెకి కూడా పంపించా. థాంక్స్ నిఖిలా. శనివారం అంతా కూర్చున్నావట?"

"పర్లేదండి."

"ఆ టైమ్ గొడవ మాత్రం నా తప్పే. మొన్న అందరి ముందూ నీ మీద పడింది."

ఊరుకుంటే అయిపోయేది. ఆయన వెళ్లిపోతారు, నేను పొరపాటు చేసిన మంచి అమ్మాయిగా మిగిలిపోతాను.

"కాదండి," అన్నాను.

"ఏం కాదు?"

"టైమ్ చూసి కాదు. మొదటిరోజే ఏడు గంటలు తీసేసి చూసుకున్నాను. అవి మధ్యాహ్నం తీసినవని తెలుసు."

"మరి?"

"ఇక్కడ అలా ఉంది మరి."

ఆయన నవ్వారు. "ఇక్కడా? ఇక్కడ నిప్పులు కురిశాయి కదా! అక్క రోజూ ఏసీ బిల్లు గురించి ఏడుపే—"

"మీరు లేరు కదండి."

ఆయన చెంచా సూప్‌లో ఆగిపోయింది.

ఆ వాక్యం ఇది కాదు. నేను దాచుకున్నది వేరే. కానీ వచ్చింది ఇదే.

అప్పుడే ఒక పెద్దావిడ నూడుల్స్ పళ్లెం పట్టుకుని వచ్చి, మా టేబుల్‌కి మిగిలిన కుర్చీ చూపిస్తూ, "హియర్ గాట్ పీపుల్?" అని అడిగింది. ఇద్దరం ఒకేసారి "నో" అన్నాం. ఆవిడ కూర్చుంది. చాప్‌స్టిక్స్ తుడుచుకుని, మిరపకాయ ముక్కలు వేసుకుని, తీరిగ్గా తినడం మొదలుపెట్టింది. మేమిద్దరం ఆవిడకి అటూ ఇటూ కూర్చుని సూప్ పూర్తిచేశాం. జీవితంలో నేను తిన్న పొడవైన భోజనం అదే. ఒకసారి ఆవిడ నా గిన్నె చూసి, "ఈట్, ఈట్, గర్ల్. కోల్డ్ ఆల్రెడీ" అంది. తిన్నాను. మొత్తం తిన్నాను.

తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఆయన అన్నారు, "నాకు తెలియలేదు నిఖిలా."

"తెలియకుండా చూసుకున్నాను."

"రెండేళ్లు పక్క బల్ల దగ్గర కూర్చుని... నేనేమో ఉప్పూ కారం అంటూ జోకులు."

"ఆ జోకు నాకిష్టమేనండి."

ఎర్రమనిషి బొమ్మ పచ్చమనిషి అయింది. ఆయన కదల్లేదు. వెనకవాళ్లు మమ్మల్ని తప్పించుకుని వెళ్తున్నారు.

"ఆ సైకిలు," అన్నారు. "మొన్న ప్రింట్లలో నేను దాని కోసమే వెతికాను. చాలా కోపం వచ్చింది నాకు, ఒక్క నిమిషం. ఎవరో నా ఇంట్లోకి వచ్చి సామాను తీసేసినట్టు."

"తప్పేనండి."

"ఊఁ." కాస్త ఆగారు. "తప్పే. కానీ ఆ డైరెక్టర్ వాళ్ల అమ్మకి ఫోన్ చేశాడంట కదా. నా ఫోటోలు చూసి పదేళ్లలో ఒక్కడూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నా పేరు వెయ్యొద్దని ఇప్పుడు ఇంకా గట్టిగా చెప్తున్నా. నువ్వు కాదంటే పలకలు ఖాళీగా పెట్టమను."

మళ్లీ ఎర్రమనిషి వచ్చాడు. ఇంకో రెండు నిమిషాలు అక్కడే పక్కపక్కన నిలబడ్డాం. ఎండ నడినెత్తిన ఉంది. మా నీడలు కాళ్ల కిందే ఉన్నాయి.

ఏప్రిల్ 16, బుధవారం

పదిన్నరకి పడుకుని ఏడింటికి లేచాను. మధ్యలో మెలకువ రాలేదు.

ఏప్రిల్ 24, గురువారం

ఈరోజు ప్రయాణం. ఆఫీసుకి వచ్చి అందరికీ చెప్పి వెళ్లారు. నా దగ్గర ఆగి చెయ్యి చాపారు. చెయ్యి కలిపాను. రెండేళ్లలో మొదటిసారి ఆ చెయ్యి ఎలా ఉంటుందో తెలిసింది. గరుకుగా ఉంది. పడవల షెడ్డులో పని అక్కడ ఉన్నప్పుడే మొదలుపెట్టినట్టున్నారు.

"ఉంటాను నిఖిలా."

"మంచిదండి."

మెట్ల మీద అడుగులు చివరి మెట్టుదాకా విన్నాను. అక్క వంటగదిలోకి వెళ్లి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.

ఏప్రిల్ 28, సోమవారం

మే ఐదున బ్యాంకులో ఫోటోలు తగిలిస్తారు. పలకలు చేసేవాడు వివరాల కోసం మూడోసారి ఫోన్ చేశాడు. అక్క రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది.

"చెప్పవే. ఖాళీ పలకలు పెడితే మిస్ కో నన్ను తినేస్తుంది. నీ పేరు వెయ్యనా, వద్దా?"

"వెయ్యండక్కా."

"నిఖిల అంటే చాలా?"

"ముమ్మిడి నిఖిల. ఇంటిపేరుతో."

అక్క ఒక్కో అక్షరమూ ఫోన్‌లో చెప్పింది. ఎం, యూ, ఎం, ఎం. నా ఇంటిపేరు అంత పొడుగ్గా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆఫీసులో ఇద్దరు తలెత్తి చూశారు. ఫర్వాలేదు.

"ఊరు మార్కెన్, నెదర్లాండ్స్. అంతే కదా?"

"కాదక్కా."

"ఏం కాదు?"

"హరిదాస్ గారు చెప్పారు కదా, అది మార్కెన్ కాదని."

"మరి ఏం రాయమంటావు? అదేం ఊరు?"

"తంజోంగ్ పగార్."

అక్క కళ్లజోడు పైకి నెట్టుకుంది. "పిచ్చి పట్టిందా? చెక్క ఇళ్లూ, గట్టూ, దీపస్తంభం. తంజోంగ్ పగార్‌లో ఎక్కడున్నాయే ఇవి? చూసినవాళ్లు నవ్వుతారు."

"ఇక్కడే అక్కా. ఈ బల్ల దగ్గరే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అదీ రాయించండి."

అక్క నన్ను చూసింది. నా బల్లను చూసింది. ఆ తర్వాత పక్కనున్న ఖాళీ కుర్చీని చూసింది. నలభై ఎనిమిదేళ్ల మనిషికి కొన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

రిసీవర్ మీద నుంచి చెయ్యి తీసింది. "హలో? ప్లేస్ రాసుకో. తంజోంగ్ పగార్. అవును, తంజోంగ్ పగార్ లా, నీకు తెలీదా? ఫిబ్రవరి టు ఏప్రిల్."

అటువైపు ఏదో అడిగారు.

"నలభై," అంది అక్క. "అన్నిటికీ అదే ఊరు."